చంపాను, చంపుకున్నాను

రెండో బ్యారక్,
మంగళవారం.

ఏమోయ్,

సబ్బు అందింది. రెండు చొక్కాలూ, పాత దుప్పటీ అందాయి. నువ్వు గేటు దగ్గర ఇచ్చేసి నన్ను చూడకుండానే వెళ్ళిపోయావట. మాట్లాడేదేమీ లేదన్నావని సెంట్రీ చెప్పాడు. చొక్కాలు మాత్రం ఇస్త్రీ చేసి ఉన్నాయి. మాట్లాడేదేమీ లేని మనిషి ఇస్త్రీ ఎందుకు చేసిందా అని రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. ఆసుపత్రి లాండ్రీలో పదహారేళ్ళు పనిచేసిన చెయ్యి, ముడతలు చూస్తే ఊరుకోలేకపోయి ఉంటుంది. అంతకు మించి అర్థాలు తియ్యకూడదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఈ ఉత్తరం నీకంటే ముందు ఇక్కడి జైలు గుమాస్తా చదువుతాడు. చదవనీ. అతనికి ఎర్ర పెన్నుతో అక్షరదోషాలు దిద్దే జబ్బుంది, కాబట్టి పెళ్ళయ్యాక మొదటిసారి నీకు నా దగ్గర్నుంచి తప్పుల్లేని ఉత్తరం వస్తుంది.

నీ తమ్ముణ్ణి నేను చంపానని కాగితం మీద ఉంది. దాని కింద సంతకం ఉంది. సంతకం నాదే. మాట మాత్రం నాది కాదు. మూడు నెలలుగా నీకు చెప్పాలనుకుంటున్నది ఇదే.

ఆ రోజు సంగతి నీకు పదిమంది పదిరకాలుగా చెప్పి ఉంటారు. నా నోట కూడా ఒక్కసారి విను. అయిదంతస్తుల ఆఫీసు బిల్డింగు, లిఫ్టుకి నెలవారీ సర్వీసింగు. నేను డాబా మీద మెషిన్ రూములో ఉన్నాను. మెయిన్ స్విచ్ అక్కడే ఉంటుంది. మన పొట్టోడు కింద, లిఫ్టు దిగే గుంతలో ఉన్నాడు. నీ తమ్ముడికి నాలుగేళ్ళప్పుడు నువ్వు పెట్టిన పేరు ఆరడుగులు పెరిగాక కూడా వాణ్ణి వదల్లేదు. కోర్టులో 'మృతుడు' అంటుంటే ఎవరి గురించి మాట్లాడుతున్నారో నాకు వెంటనే తట్టడం లేదు.

గుంతలో ఒక ఎర్ర బటన్ ఉంటుంది. దిగినవాడు దాన్ని నొక్కితే పైన ఎవరు ఏ స్విచ్ వేసినా లిఫ్టు కదలదు. ఆ బిల్డింగులో అది పాడై నెలన్నర అయింది. కొత్తది వచ్చేదాకా నేను వైరు ముక్కతో దాన్ని దాటించి లిఫ్టు నడిపిస్తున్నాను. తప్పే. లిఫ్టు ఆపితే పై అంతస్తులవాళ్ళు నా ప్రాణం తీస్తారు, నడిపితే కంపెనీ తీస్తుంది. ఆ వైరు సంగతి పొట్టోడు సూపర్‌వైజరుకి రాసిచ్చాడు. నన్ను హెడ్ మెకానిక్ పని నుంచి దింపేశారు, కొత్త బటన్ మాత్రం రాలేదు, వైరు అలాగే ఉంది. స్పానరు పట్టుకోవడం నేను నేర్పిన చేత్తోనే నామీద కాగితం రాశాడే అని ఒళ్ళు మండిపోయింది. ముందు రోజు మనింట్లో నువ్వు వింటుండగా, ఆ రోజు పొద్దున బిల్డింగు గేటు దగ్గర వాచ్‌మన్ వింటుండగా, "నీ అంతు చూస్తా" అన్నాను. అన్నాను కాబట్టి అనలేదని చెప్పను.

పని అయ్యాక, లిఫ్టు తాళ్ళు కిందికి దిగే కంత దగ్గర వంగి, "బయటికొచ్చావా?" అని అరిచాను. కిందనుంచి "ఆఁ" అన్నాడు. స్విచ్ వేశాను. కరెంటు రాగానే లిఫ్టు తనంతట తాను అట్టడుగు అంతస్తుకి దిగుతుంది, దాని పద్ధతే అంత. వాడు ఇంకా గుంతలోనే ఉన్నాడు.

ఆసుపత్రి వరండాలో పోలీసు స్టేషన్ రైటర్ వచ్చి నా ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఏం జరిగిందన్నాడు. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "నా బావమరిదిని చేజేతులా చంపుకున్నానండీ." అతను రాసుకున్నది ఇది: "నా బావమరిదిని చేజేతులా చంపాను." మధ్యలో 'కు'తో మొదలయ్యే ముక్క ఎగిరిపోయింది. నాకు చదివి వినిపించాడు కూడా. నేను విన్నానా పాడా? నీ ఏడుపు వినబడుతోంది, అంతే. ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెట్టాను. అంతు చూస్తానన్నాడు, చేజేతులా చంపానన్నాడు, స్విచ్ వేసింది తనే. మూడూ కలిపి కుట్టి హత్య అని పేరు పెట్టారు.

కోర్టువాళ్ళు ఇచ్చిన లాయరమ్మ మంచిది. ఫైళ్ళు గుడ్డ సంచీలో తెస్తుంది. చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పింది. చంపాలని చంపడం ఒక నేరం. చంపాలని లేకపోయినా, ఈ పని చేస్తే మనిషి పోతాడని తెలిసీ చెయ్యడం ఇంకో నేరం. చూసుకోవాల్సింది చూసుకోకుండా చెయ్యడం మరొకటి, దానికి శిక్ష చాలా తక్కువ. ఎవరి తప్పూ లేకుండా జరిగిపోతే అసలు నేరమే కాదు. "చచ్చినవాడు నాలుగింట్లోనూ ఒక్కలాగే చస్తాడు. కోర్టు చూసేది నీ తలకాయలో ఏముందని" అంది. నా తలకాయలో ఏముందో పాతికేళ్ళుగా నీకు తెలుసు. అందులో ఏమీ లేదని నువ్వే అంటుండేదానివి.

ఒక్కసారి వచ్చి ఎదురుగా కూర్చుని తిట్టు. తిట్టడం అయిపోయాక వెళ్ళిపో. నిన్ను అంతకంటే ఏమీ అడగను.

ఇట్లు,
నీ ఇంటాయన.


రెండో బ్యారక్,
ఆదివారం.

ఏమోయ్,

నువ్వు రాలేదు. ఉత్తరమూ లేదు. ఏడు నెలలు. ఇక్కడ నాతోపాటు ఉన్న ఒకతన్ని అందరూ 'సైకిల్' అంటారు. ఆయాసంతో ఉన్న పెళ్ళాన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికి పక్కింటివాడి సైకిలు అడక్కుండా తీశాడు. తిరిగి తెస్తుంటే పట్టుకున్నారు. తీసింది దాచుకోవడానికా, వాడుకుని ఇచ్చెయ్యడానికా అన్నదాని మీద దొంగతనమో కాదో తేలుతుందట. అతను మాత్రం దొరికినప్పుడు సైకిలు ముఖం ఏ వైపుకి ఉందో చూడమని కనబడ్డ ప్రతివాడికీ చెబుతాడు. పక్కింటి వైపుకే ఉందట. వాళ్ళావిడ ప్రతి శనివారం వచ్చి చువ్వలకి అటుపక్క కూర్చుని, సైకిలు ఎందుకు తీశావు, ఆటో పిలవాల్సింది అని గంటసేపు సతాయించి వెళ్తుంది. ఆవిడ వెళ్ళాక అతను తల పట్టుకుంటాడు. నేను మాత్రం ఆ తిట్లు వినబడేంత దగ్గరికి జరిగి కూర్చుంటాను.

కోర్టు సంగతి రాస్తాను. నువ్వు రాకపోయినా విచారణ ఆగదు కదా. గురువారం స్టేషన్ రైటర్‌ని బోనెక్కించారు. బట్టతల, మెత్తని మనిషి. నామీద అతనికి ఏ కక్షా లేదు. నేను చెప్పింది చెప్పినట్టు రాశానని ప్రమాణం చేశాడు. లాయరమ్మ లేచి, 'చంపాను' అన్నాడా 'చంపుకున్నాను' అన్నాడా అని అడిగింది.

"రెండూ ఒకటే కదమ్మా" అన్నాడు.

లాయరమ్మ కోప్పడలేదు. మీ ఫోను ఎప్పుడైనా పోయిందా అని అడిగింది. పోయిన ఏడు బస్సులో పోయిందన్నాడు. ఏం జరిగిందో ఒక్క ముక్కలో చెప్పమంది.

"బస్సులో ఫోను పోగొట్టుకున్నానమ్మా."

"పోగొట్టానని ఎందుకనలేదు?"

"నాది కదమ్మా పోయింది" అని, అన్నాక నాలిక కరుచుకున్నాడు. జడ్జిగారు కూడా తల దించుకుని నవ్వారు. నేను నవ్వలేదు. నాది కదమ్మా పోయింది అన్న ఆ మాటకి బోనులోనే నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడు నెలల్లో నా మనసులో మాట అన్నవాడు అతనొక్కడే. అన్నవాడు నన్ను ఇరికించినవాడు.

అయినా సర్కారు ప్లీడరు వదలడం లేదు. భాషలో ఎవరు ఏ మాట ఎలా అంటారో గాల్లో చెప్పకూడదు, ఆ ఇంటి మనిషే చెప్పాలి అన్నాడు. గొడవ సంగతి రుజువు చెయ్యడానికి సాక్షిగా నిన్ను పిలుస్తున్నాడు. సమన్లు ఈపాటికి అంది ఉంటాయి. నీ తమ్ముడు పోయాడు కాబట్టి నువ్వు నామీద విషం కక్కుతావని అతని నమ్మకం. ఆ నమ్మకం తప్పని నేనూ చెప్పలేను.

నాకు ఎక్కడ కాలుతుందో చెప్పనా? చట్టం ప్రకారం నేను రుజువు చెయ్యాల్సింది ఏమీ లేదు. అన్నీ వాళ్ళే రుజువు చెయ్యాలి. నేను నోరు మూసుకుని కూర్చున్నా నా మౌనాన్ని నామీద వాడకూడదు. ఏ మాత్రం సబబైన అనుమానం ఉన్నా అది నాకే దక్కాలి. ముక్కూమొహం తెలియని జడ్జిగారు నాకు ఇంత ఇస్తారు. పాతికేళ్ళు నా కంచం పక్క కంచం పెట్టుకున్న నువ్వు ఇందులో ఒక్కటీ ఇవ్వవు. నీ దగ్గర రుజువు భారమంతా నాది. నేను మాట్లాడితే బుకాయింపు, మాట్లాడకపోతే ఒప్పుకోలు. నేరం ఏమిటో కూడా చెప్పకుండా శిక్ష మొదలుపెట్టావు. బెయిలు అడగడానికి నీ గుమ్మం ముందు నిలబడే వీలు కూడా నాకు లేదు.

కోపంగా రాశాను. గుమాస్తా దీన్ని దిద్దుతూ నవ్వుకుంటాడు. కోపం లేకుండా రాయడానికి మూడుసార్లు కూర్చున్నాను, చేతకాలేదు.

బోనులో నీకు ఏది నిజమని తోస్తే అది చెప్పు. నాకోసం అబద్ధం ఆడొద్దు. ఆడితే నువ్వు పట్టుబడతావు, నీకు అబద్ధం ఆడటం రాదు. చెవులు ఎర్రబడతాయి.

ఇట్లు,
నీకు ఏమవుతానో నువ్వే తేల్చాల్సినవాడు.


బేరింగుల కొట్టు పైగది,
శుక్రవారం.

ఏమోయ్,

ఈ ఉత్తరాన్ని నీకంటే ముందు ఎవరూ చదవరు. తప్పులు నువ్వే దిద్దుకో.

బయటికొచ్చి ఇరవై రోజులైంది. నువ్వు గేటు దగ్గర లేవు. ఇంటివైపు రెండుసార్లు వచ్చి, వీధి మలుపు నుంచే వెనక్కి తిరిగాను. పాత కంపెనీ దోస్తు ఒకడు కొట్టు మీద గది ఇచ్చాడు. కింద రోజంతా ఇనుము మోగుతుంది. నాకు నిద్ర పట్టడం లేదు. అది ఆ మోతవల్ల కాదు.

నువ్వు బోనులో చెప్పింది నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. అంతు చూస్తానన్నాడా అని ప్లీడరు అడిగాడు. అన్నాడన్నావు. నా ప్రాణం పోయింది. తర్వాత నువ్వు, "మా ఇంట్లో రోజూ ఎవరో ఒకరు ఎవరో ఒకరి అంతు చూస్తూనే ఉంటారండీ, నేను మా తమ్ముణ్ణి చంపేస్తానని వాడి చిన్నప్పుడు రోజుకి నాలుగుసార్లు అనేదాన్ని" అన్నావు. 'చంపుకున్నాను' అంటే ఏమిటని లాయరమ్మ అడిగింది. "సొంతవాణ్ణి పోగొట్టుకున్నవాడు అనే మాటండీ. కావాలని చంపినవాడి నోట్లో ఆ మాట రాదు" అన్నావు. నీ చెవులు ఎర్రబడలేదు. నేను చూశాను.

తీర్పులో నీ మాటే రాశారు. చంపాలన్న ఉద్దేశం రుజువు కాలేదు. పోతాడని తెలిసి చేశాడన్నదీ రుజువు కాలేదు. అజాగ్రత్త ఒక్కటే రుజువైంది. దానికి పదిహేడు నెలలు వేశారు. అప్పటికే పందొమ్మిది నెలలు లోపల ఉన్నాను కాబట్టి అక్కణ్ణించి అక్కడే వదిలేశారు. లాయరమ్మ చెయ్యి కలిపింది. స్టేషన్ రైటర్ వచ్చి, ఇకమీదట ప్రతి అక్షరం రెండుసార్లు అడిగి రాస్తానని దణ్ణం పెట్టాడు. అందరూ నన్ను నిర్దోషిలా చూశారు. ఆ చూపులు తట్టుకోలేక కోర్టు వెనక మెట్ల మీంచి వెళ్ళిపోయాను.

ఇప్పుడు చెబుతాను. పందొమ్మిది నెలలూ కోర్టు ఒక 'కు' చుట్టూ తిరిగింది. ఇంకో అక్షరం ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

నేను బయటికొచ్చావా అని అరిస్తే పొట్టోడు 'ఆఁ' అన్నాడని అందరికీ చెప్పాను. నిజమే, అన్నాడు. కానీ మన 'ఆఁ' ఒకటి కాదు కదా. గట్టిగా కొట్టినట్టు అంటే అవునని. సాగదీసి పైకెత్తి అంటే ఏమన్నావని. రాతలో రెండూ ఒక్కలాగే ఉంటాయి. రైటరు తప్పేమీ లేదు, ఈసారి నేను చెప్పడమే అలా చెప్పాను. వాడు అన్నది రెండోది. వాడికి నా మాట వినబడలేదు. ఏమన్నావు బావా అని అడిగాడు.

నాకు అది అర్థమైంది. అనుమానం కూడా కాదు. స్పష్టంగా అర్థమైంది.

లిఫ్టు పనిలో 'ఆఁ' అనకూడదు. ఈ గందరగోళం వల్లే అనకూడదు. గుంతలోవాడు 'వచ్చేశాను' అని పూర్తి మాట అనాలి, అది వినబడేదాకా పైవాడు స్విచ్ మీద చెయ్యి వెయ్యకూడదు. ఇది పుస్తకాల్లో లేదు, పనివాళ్ళం మేము పెట్టుకున్న కట్టడి. వాడు పనిలో చేరిన మొదటి రోజు వాడికి ఇది నేర్పింది నేనే. ఆ రోజు 'ఆఁ' అన్నందుకు నెత్తిన ఒక మొట్టికాయ వేశాను. నువ్వు ఆ సాయంత్రం బొప్పి చూసి నామీద విరుచుకుపడ్డావు.

మళ్ళీ అడగాల్సింది. ఒక్క మాట. కానీ పొద్దుట్నుంచి వాడితో మాటల్లేవు. ఆ మొదటి మాట అరవడానికే మనసొప్పలేదు. రెండోసారి అరిస్తే నేను తగ్గినట్టవుతుందనిపించింది. నామీద కాగితం రాసినవాడికోసం గొంతు చించుకోవాలా అనిపించింది. లిఫ్టు మీదికి దిగుతుంటే ఉలిక్కిపడి కింద పడుకుంటాడు, లిఫ్టు ఆగాక బూతులు తిడుతూ పైకి వస్తాడు, బుద్ధొస్తుంది అనుకున్నాను. గుంత అడుగున బోర్లా పడుకుంటే లిఫ్టు తగలదు. నిలబడి ఉంటే తగులుతుంది. వాడు ఆరడుగులవాడన్న సంగతి అప్పుడు గుర్తు లేదా అంటే, ఉంది. ఎర్ర బటన్ పనిచెయ్యదన్న సంగతి గుర్తు లేదా అంటే, ఉంది. వైరుతో దాన్ని దాటించింది నేనే. చెయ్యి స్విచ్ మీద ఉంది, ఇవన్నీ తలలో ఉన్నాయి. వేశాను.

చంపాలని మాత్రం లేదు. నీమీద ఒట్టు. లిఫ్టు ఆగాక వాడి బూతులు వినబడకపోయేసరికి మెట్లకేసి పరిగెత్తాను. అయిదంతస్తులూ దొర్లుకుంటూ దిగాను. చంపుకున్నానని రైటరుతో అన్నప్పుడు అందులో ఒక్క అక్షరం కూడా నటన లేదు. కానీ లాయరమ్మ చెప్పిన వాటిలో రెండోది ఉంది చూడు, పోతాడని తెలిసీ చెయ్యడం. నాది అది. మొదటిది కాదని కోర్టులో గెలిచాను. గెలుస్తున్నంతసేపూ మూడోదాని వెనక దాక్కున్నాను.

ఇది ఎవరికీ చెప్పలేదు. నీకొక్కదానికే చెబుతున్నాను. సర్కారువాళ్ళు పై కోర్టుకి వెళ్ళడానికి ఇంకా నలభై రోజుల గడువుంది. ఈ ఉత్తరం నీ చేతిలో ఉంది. చించెయ్యి, దాచుకో, ఎవరికన్నా చూపించు. నువ్వు పిలిస్తే వస్తాను, వద్దంటే ఇక్కడే ఉంటాను. నీ ఇష్టం.

ఇట్లు,
నేను.


ఇంటి నుంచి,
శనివారం.

ఏమండీ,

మీ ఉత్తరం బుధవారం అందింది. డ్యూటీలో ఉండగా వచ్చింది. దుప్పట్లు ఆరేవరకు ఖాళీ ఉంటుంది కాబట్టి అక్కడే స్టూలు మీద కూర్చుని చదివాను. చదివాక మిగిలిన దుప్పట్లన్నీ మడతపెట్టాను. తోటివాళ్ళు ఏమైందన్నారు, ఏమీ కాలేదన్నాను.

నాకు ఇది కొత్త సంగతి కాదు. ఆ రోజు ఆసుపత్రి వరండాలో రైటరు రాకముందు మీరు నా భుజాలు పట్టుకుని, అడిగాను, ఆఁ అన్నాడు అని అన్నారు. వాడు ఎలా అన్నాడో అలాగే అని చూపించారు. సాగదీసి, పైకెత్తి. మీకు తెలియకుండానే అలా వచ్చేసింది. వాడికి మాటలు రాకముందు నుంచీ వాణ్ణి ఎత్తుకుని తిరిగినదాన్ని. వాడు ఏమిటక్కా అని అడిగే ఆఁ ఏదో నాకు తెలియదా? మీరు రైటరుకి చెప్పేటప్పుడు మాత్రం దాన్ని మామూలుగా కొట్టి చెప్పారు. నేను పక్కనే ఉన్నాను. అప్పుడే నాకు అర్థమైంది. అందుకే జైలుకి రాలేదు. మీరు ఎదురుగా కూర్చుంటే నేను అడిగేస్తాను, అడిగితే మీరు అబద్ధం చెబుతారు, అది వినలేను. మీ అంతట మీరు రాస్తారని పందొమ్మిది నెలలు చూశాను. చట్టం నాకంటే ఎక్కువ ఇచ్చిందని దెప్పారు. నేను ఇచ్చింది ఇదే, మీ అంతట మీరు చెప్పుకునే గడువు.

బోనులో నిజమే చెప్పాను. వాణ్ణి చంపాలని మీకు లేదు. వాడు పోతే మీరు ఏడ్చిన ఏడుపు నిజం. కావాలని చంపారంటే అబద్ధమవుతుంది కాబట్టి కాదన్నాను. మీమీద ప్రేమతో అన్నానని అనుకుంటున్నారేమో, వాడి చావు గురించి అబద్ధం రాసి ఉండకూడదని అన్నాను. వాళ్ళు ఆఁ గురించి అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో నాకు ఇప్పటికీ తెలియదు. దాన్ని తలుచుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తుంది.

నన్ను బోనెక్కించగానే జడ్జిగారు అన్న మొదటి మాట మీకు గుర్తుండే ఉంటుంది, మీరు అక్కడే నిలబడి ఉన్నారు. "మీ ఆయన భర్తగా మీకు చెప్పుకున్న మాటలు ఇక్కడ చెప్పనక్కర్లేదమ్మా, అవి ఎవరూ అడగకూడదు" అన్నారు. నిన్న లాయరమ్మ దగ్గరికి వెళ్ళి, ఎవరి సంగతో చెప్పకుండా ఆ మాట మళ్ళీ అడిగాను. మొగుడు పెళ్ళానికి రాసిన ఉత్తరం కూడా అంతేనట. మొగుడు కోర్టుకొచ్చి సరేననకుండా నేను తీసుకెళ్ళి ఇచ్చినా కోర్టు దాన్ని చూడదట. అంటే మీరు భూమ్మీద ఇంతమంది ఉండగా, చెప్పినా చెల్లని మనిషిని చూసుకుని చెప్పారు. చెల్లదని తెలిసీ చెప్పారు. పైగా నీ చేతిలో పెట్టాను, నీ ఇష్టం అని రాశారు. నా తమ్ముణ్ణి పోగొట్టుకున్నాను. ఇప్పుడు మొగుణ్ణి ఏం చెయ్యాలో కూడా నేనే తేల్చాలా? నేను ఊరుకుంటే నేను ఊరుకున్నదాన్నవుతాను, మీరు చెప్పినవారవుతారు.

మీరే వెళ్ళి చెబితే మాత్రం వేరేనట. గడువు లోపల మీ నోటితో చెబితే పై కోర్టు వింటుందట. రెండో రకం నేరమైతే పదేళ్ళదాకా పడొచ్చని కూడా లాయరమ్మ చెప్పింది. నేను దాచడం లేదు, మీకు తెలియాలి. పడితే అన్నేళ్ళూ వారం వారం వస్తాను. వాడు మీకు నిజంగానే సొంతవాడని అప్పుడు నమ్ముతాను. నాకు మీరు ఉన్నారని కూడా అప్పుడు అనుకుంటాను.

మీ ఉత్తరం ఇందులోనే పెట్టి పంపుతున్నాను. మీరు రాసినవాటిలో తప్పులేమీ లేవు, దిద్దలేదు. తాళం మార్చలేదు. మీ తాళంచెవి మీ దగ్గరే ఉంది. కానీ ఆ మాట అక్కడ చెప్పి రాకుండా మాత్రం ఈ గుమ్మం తొక్కకండి.

ఇట్లు,
పొట్టోడి అక్క.